మడమలో లేని ముల్లు

మడమ నొప్పితో ఎవరూ చచ్చిపోరు. అందుకే దాన్ని గురించి ఎవరూ రాయరు. గుండెజబ్బు అంటే చుట్టాలు మంచం చుట్టూ చేరతారు. మడమ నొప్పి అంటే "రోంత నూనె పూసుకో" అని చెప్పి తమ పని తాము చూసుకుంటారు. రెండేళ్లు ఆ నొప్పితో బతికినదాన్ని నేను. ఇప్పుడు తగ్గింది. నొప్పిలో ఉండగా రాసి ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు కాబట్టి తగ్గాకే రాస్తున్నాను. పొద్దున లేచి మొదటి అడుగు వేయడానికి భయపడేవాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలుసు. కొంత వాళ్ల కోసం, కొంత నా కోసం.

నేను బస్సు కండక్టరును. అనంతపురం డిపోలో ఆడవాళ్లను ఆ పనికి తీసుకున్న తొలి రోజుల్లో చేరాను. మా ఊరు రాప్తాడు దాటాక వస్తుంది. ఊళ్లో మమ్మల్ని దొడ్డింటోళ్లు, అంటే పెద్దింటివాళ్లు, అంటారు. మా ముత్తాత కాలంలో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకొని పోయేవాళ్లట. నేను పుట్టేనాటికే భూములు పోయాయి. తర్వాత బావులు ఎండాయి, కప్పు కూలింది. ఇంట్లో మూడు అంకణాలు మిగిలాయి. పేరు మాత్రం కూలలేదు. పెళ్లయిన కొద్దికాలానికే నేను ఒంటరిదాన్నై పుట్టింటికి వచ్చాను. ఆ కథ ఇక్కడ అక్కర లేదు. ఇంట్లో అమ్మా నేనూ. పొయ్యి వెలిగేది నా జీతంతో.

అంటే నేను నిలబడగలిగితేనే ఇల్లు నిలబడుతుంది. ఇది మాటకోసం చెప్పడం కాదు. కండక్టరంటే రోజంతా నిలబడే ఉద్యోగం. నేనెప్పుడు కూలబడతానా అని చూసేవాళ్లు బయట కంటే మావాళ్లలోనే ఎక్కువ.

2001, ఎండాకాలం

ఒక పొద్దున మంచం మీది నుంచి కాలు కింద పెట్టాను. కుడి మడమ కింద సీసా పెంకు గుచ్చుకుందనుకున్నాను. వంగి చూస్తే బండ శుభ్రంగా ఉంది. మడమ తడిమి చూసుకున్నాను. గాయం లేదు, వాపు లేదు. మళ్లీ కాలు మోపాను. మళ్లీ అదే పెంకు.

గోడ పట్టుకొని వేళ్ల మీద నడుస్తూ నీళ్ల తొట్టి దాకా పోయాను. మొహం కడుక్కొని, జడ వేసుకొని, రోడ్డు మీదికి వచ్చేసరికి నొప్పి లేదు. కలగన్నానేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది.

ఈ నొప్పి చేసే మోసం ఇదే. పొద్దున మొదటి అడుగుకు ప్రాణం తీస్తుంది. పది మంది చూసే వేళకు మాయమవుతుంది. చెబితే ఎవరూ నమ్మరు. కొన్నాళ్లకు మనమూ నమ్మం. కాసేపు కూర్చొని లేచామా, నేనున్నానంటుంది.

మా బస్సు డ్రైవరు బాషన్నకు మాత్రం నేను చెప్పకుండానే తెలిసిపోయింది. ఉరవకొండ బస్టాండులో టీ తాగి లేచి, నేను టీ బండి పట్టుకొని నిలబడిపోవడం చూశాడు.

"ఏమక్కా, స్టార్ట్ కాలేదా?"

"ఏం లేదు పోన్నా. కాలు తిమ్మిరి."

"తిమ్మిరి కాదులే. మన పాత బండి గూడా ఇంతే. పొద్దన ఎంత తన్నినా లెయ్యదు. ఒకసారి ఏడెక్కిందా, గుంతకల్లు దాకా యాడా నిలబడదు. నీది డీజిల్ ఇంజనక్కా."

నవ్వాను. ఆ మాట నిజం. నా నొప్పిని అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాత చూసిన డాక్టర్లు కూడా.

కండక్టరుకు సీటుంటుంది. నేను అందులో కూర్చునేదాన్ని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జనం కిక్కిరిసి ఉండగా ఒకరోజు కాసేపు కూర్చుంటే వెనక నుంచి మమ్మల్ని ఎరిగినవాళ్లెవరో అన్నారు, "దొడ్డింటి బిడ్డ గదప్పా, యాడ నిలబడతాది పాపం" అని. ఆ రోజు లేచినదాన్ని మళ్లీ కూర్చోలేదు. నా సీటు ముసలమ్మలకు, బాలింతలకు, కోళ్ల గంపలకు. గతుకుల్లో కూడా కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కోసేదాన్ని. నా వెన్ను ఎప్పుడూ నిటారుగా ఉండేది. కింద మడమ ఏమవుతోందో వెన్నుకు తెలియదు కదా.

నొప్పి దాచడానికి వేళ్ల మీద నడవడం అలవాటు చేసుకున్నాను. దాంతో పిక్క పట్టేసింది. పిక్క తర్వాత మోకాలు. మా ఊరి ఆరెంపీ డాక్టరు "వాతం" అని నడుములో సూది వేశాడు. రెండు రోజులు హాయిగా ఉండేది. మూడో రోజు మళ్లీ పెంకు.

2002, వాన రాని వానాకాలం

ఆ ఏడు వేరుశనక్కాయ విత్తనం ఇళ్లలోనే ఉండిపోయింది. బస్సులో మూటలు తగ్గాయి, బెంగళూరు కూలికి పోయేవాళ్లు పెరిగారు. పసిపిల్లల్ని చంకనేసుకొని మెట్ల మీద వేలాడే ఆడవాళ్లను చూస్తూ, నా మడమ గురించి మాట్లాడటానికి నాకే సిగ్గేసేది. ఇంకొంత దాచాను.

దాచలేని చోటు ఇల్లే. అమ్మ ఒక పొద్దున చూసింది, నేను గోడకు చెయ్యానించి కళ్లు మూసుకొని నిలబడటం. అమ్మకు తెలిసిందంటే చిన్నాయనకు తెలిసినట్టే.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మా గోడ పక్కనే కాపురం. ఆయన దగ్గరా ఏమీ లేదు, ఇస్త్రీ చొక్కా తప్ప. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నెలరోజులు మా గడప తొక్కలేదు. ఆ తర్వాత కూడా ఉరవకొండ వైపు పనుండి పోయేటప్పుడు నేనున్న బస్సు వస్తే వదిలేసి వెనక బస్సుకు పోయేవాడు. ఆ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం రత్నా, కాలు చెడిందంట?"

"చెడలేదు చిన్నాయనా. నొస్తాండాది."

"నొయ్యక? దొడ్డింటి ఆడది గడప దాటి బస్సుల్లో నిలబడితే కాళ్లు ఊరకుంటాయా? ఇదంతా పెద్దోళ్లు చెప్పే సైగ. మన ఇంటి ముందర తలొంచుకొని పోయినోళ్లు నీ భుజం తట్టి టికెట్ అడుగుతాండారు. చాల్లే ఇంక. మాన్కో."

"మాన్కొని?"

"నేను సాకుతా."

"ఏం పెట్టి సాకుతావు?"

అమ్మ లోపల నుంచి "ఒసే!" అంది. చిన్నాయన మొహం ఎర్రబడింది.

"మడమ తిప్పని వంశం మనది. నాతోనే ఎదురు మాట్లాడతావా?"

"మడమ నేను తిప్పలేదు చిన్నాయనా. అదే నన్ను తిప్పుతాండాది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను. పొద్దున డ్యూటీ ఉంది.

కానీ ఆయన మాట ఒకటి నాలో ఉండిపోయింది. నొప్పి ఉద్యోగం వల్ల వచ్చిందని తేలితే ఆయన గెలిచినట్టే. ఏం జబ్బైనా ఉండనీ, ఉద్యోగం మీదికి రాకూడదు. అనంతపురం పెద్దాసుపత్రికి నేను పోయింది జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి కాదు. అది ఉద్యోగం వల్ల కాదని చెప్పించుకోవడానికి.

ఓపీ వరండాలో బల్ల మీద కూర్చుంటే లేచేటప్పుడు నలుగురిలో మూలగాలి. అందుకని నిలబడే ఉన్నాను. పక్కన కాలికి గుడ్డ చుట్టుకున్న గొర్రెలకాపరి ఒకాయన భుజం మీది ఉన్ని కంబడి కింద పరచి, "కూర్చో తల్లీ, ఎంతసేపు నిలబడతావు? కాళ్ల డాక్టరు కాడికొచ్చి కాళ్లమింద నిలబడేదేంది?" అన్నాడు. వద్దన్నాను. "నీకేం రోగమో గానీ, ఆ పంతం మాత్రం పెద్ద రోగమే," అని పక్కనున్నావిడతో అన్నాడు. అందరూ నవ్వారు. కోపం వచ్చింది. మధ్యాహ్నానికి మాత్రం ఆ కంబడి మీదే కూర్చున్నాను. ఆయన తన సంచిలోని సద్దరొట్టె తుంచి పెట్టాడు. ఆ రొట్టె రుచి ఇప్పటికీ గుర్తుంది.

రక్తం పరీక్షల్లో చక్కెర లేదు, ఇంకే దోషమూ లేదు. కాలికి ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుగులో పెట్టి చూసి, వెనకాల ఇంకా వరండా నిండా జనం ఉండగా, రెండే మాటలు చెప్పాడు.

"మడమలో ముల్లుందమ్మా. మాత్రలు రాస్తాండా. తగ్గకపోతే మళ్లీ రా."

ముల్లు!

ఇక్కడ మా సీమ సంగతి ఒకటి చెప్పాలి. మాకు వాన లేకపోయినా తుమ్మముల్లుకు కొదవ లేదు. చేను గట్టున, దారిలో, పశువుల దొడ్లో, ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. ముల్లు గుచ్చుకోని కాలు, లోపల విరిగిన ముల్లు మొన మోయని మడమ మా ఊళ్లో ఉండవు. మడమలో ముల్లుందంటే మేం ఇంకో అర్థం ఎరగం. డాక్టరు చెప్పింది ఎముకకు పెరిగిన మొన గురించి. నాకు ఆ అనుమానం రాకపోలేదు. కానీ ముల్లు అనే మాట నాకు అమృతంలా వినిపించింది. ముల్లుకు ఉద్యోగంతో ఏం సంబంధం? ముల్లు ఎవరికైనా గుచ్చుకుంటుంది. తీసేస్తే పోతుంది. చిన్నాయన నోరు మూతపడుతుంది.

ఎక్స్‌రే ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని వాకిట్లో ఎండకు పట్టి చూసింది. ఎదురింటి మాబున్ని వచ్చింది. చిన్నాయన కూడా గోడ మీది నుంచి మెడ చాచాడు. మడమ ఎముక కింద, ముందుకు తిరిగి, సన్నగా, మొనదేలి, నిజంగానే ముల్లు ఉంది. చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపించారు.

"సూస్తివా! ఈడ ఉండాది!" అంది అమ్మ, బంగారం దొరికినట్టు.

"తుమ్మముల్లే. వంకర సూడు," అంది మాబున్ని.

"ఎప్పుడో చిన్నప్పుడు ఇరిగింటాది," అన్నాడు చిన్నాయన, కొంచెం నిరాశగా.

మాబున్ని ముళ్లు తీయడంలో ఊరంతటికీ పేరున్న మనిషి. గొర్రెలోళ్లు, పిల్లలు అందరూ ఆమె దగ్గరికే పోతారు. మూడు రోజులు మడమకు జిల్లేడు పాలు పోసి, వేడి ఇటుకతో కాపడం పెట్టి మెత్తబరిచింది. నాలుగో రోజు సూది దీపం మీద కాల్చి, నా కాలు తన ఒడిలో పెట్టుకుంది.

"అరిస్తే అరువక్కా. ఎవురూ ఏమనుకోరు."

"నేను అరవను. నువ్వు తియ్యి."

అరవలేదు. పళ్లు బిగబట్టి, కప్పులోని దూలాన్ని చూస్తూ ఉన్నాను. ఆమె తవ్వింది. ఇంకా తవ్వింది. రక్తం తుడిచి మళ్లీ తవ్వింది. చివరకు చెమట పట్టిన మొహంతో తలెత్తి, "అది పైకి పాకిందక్కా," అంది.

వారం తిరక్కుండా మడమ కుండలా ఉబ్బింది. చీము పట్టింది. జ్వరం. కాలు కింద పెట్టలేక మంచం పట్టాను. దొడ్డింటి బిడ్డ నిజంగానే కూలబడింది. ఏ మడమను ఎవరికీ కనబడకుండా దాచానో, దాన్ని ఊరంతా వచ్చి చూసి పోయారు.

మాబున్ని ఏడ్చింది. రోజూ పొద్దున గంజి కాచి తెచ్చేది. తన తప్పేనని పదేపదే అనేది. "సూది పట్టింది నువ్వు, కాలిచ్చింది నేను. గమ్మునుండు," అనేదాన్ని. ఆమెను ఇప్పటికీ ఏమీ అనను. ఊళ్లో ఎవరైనా అంటే ఊరుకోను.

2002 చివర

పుండు మాని, మళ్లీ అడుగేస్తే, పాత నొప్పి పాత చోటునే ఉంది. అప్పుడు నిజంగా భయమేసింది. సెలవు అయిపోవచ్చింది. డిపో నుంచి కబురు వచ్చింది: డాక్టరు పరీక్షలో నిలబడే పనికి పనికొస్తానని తేలితేనే బస్సెక్కాలి. లేకపోతే కూర్చొని చేసే పని ఏదైనా ఖాళీ ఉందేమో చూస్తారు. ఖాళీ లేదని అందరికీ తెలుసు.

చిన్నాయన ఈసారి అరుగు మీద కూర్చోలేదు. లోపలికే వచ్చాడు. రాజీనామా ఎలా రాయాలో ఎవరినో అడిగి తెలుసుకొని వచ్చాడు.

"వాళ్లు తీసేసేదానికంటే మనమే మానుకుంటే మర్యాదగా ఉంటాది రత్నా."

కోపంగా అనలేదు ఈసారి. అందుకే ఎక్కువ నొచ్చింది. అమ్మ నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆమె కూడా అదే అనుకుంటోందని అర్థమైంది.

"తీసేస్తే తీసేయనీ చిన్నాయనా. నా అంతట నేను దిగను."

"ఎందుకింత పంతం?"

"మీ నుంచి వచ్చిందే."

మళ్లీ పెద్దాసుపత్రికి పోయాను. ఈసారి పంతం పట్టలేదు. బల్ల మీద కూర్చున్నాను, లేచేటప్పుడు నలుగురిలో మూలిగాను. ఈసారి చూసింది కదిరి వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. తవ్విన మచ్చ చూసి, "ఇదేంది తల్లీ, బోరు ఏసినారా?" అంది. జరిగింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా కాలు తన చేతుల్లోకి తీసుకొని మడమ ముందు భాగాన బొటనవేలితో నొక్కింది. నేను ఎగిరిపడ్డాను.

"ఈడే గదా? చూడు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటాది. నిద్రలో ముడుచుకొంటాది. పొద్దన నువ్వు ఒక్కసారిగా బరువు మోపితే లాగుకొని చిరుగుతాది. రోజంతా నిలబడతావు, ఇంటికొచ్చి మళ్లీ బండల మీద ఉత్త కాళ్లతో తిరుగుతావు. అది ఎప్పుడు మానాల?"

"మరి ముల్లు?"

"అది ఎముకే. అట్లాంటి ముల్లు ఉండి ఏ నొప్పీ లేనోళ్లు శానామంది ఉండారు. దాన్ని వదిలెయ్యి."

అడగాలనుకున్నది అడిగేశాను. "ఉద్యోగం వల్ల వచ్చిందా?"

సెలవులో ఉన్నా తొడుక్కొని పోయిన నా ఖాకీ కోటు వైపు ఆమె చూసింది. "నిలబడినందుకు కొంత. పల్చటి చెప్పులకు కొంత. బండలకు కొంత. అసలు కూర్చోకపోతే ఎట్లమ్మా? మీ బస్సులో కండక్టరుకు సీటు లేదా?"

ఉందన్నాను. అందులో కోళ్ల గంపలు కూర్చుంటాయని చెప్పలేదు.

ఆమె చెప్పినవి పెద్ద వైద్యాలేమీ కావు. అందుకే చేయడం కష్టం. పొద్దున కళ్లు తెరిచాక కాలు కింద పెట్టకముందే, మంచం మీదే కూర్చొని, తువ్వాలు అరికాలికి వేసి వేళ్లను మన వైపు లాక్కోవాలి. ఆ తర్వాతే దిగాలి. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మడమ లేవకుండా ముందుకు వంగి, పిక్క సాగదీయాలి. చల్లటి సీసా మీద అరికాలు ఆడించాలి. సందు దొరికితే కూర్చోవాలి. ఇంటా బయటా మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వేయకూడదు.

"ఎన్నాళ్లు?"

"నెలలు. తొందరపడితే ఏండ్లు."

2003

అన్నిటికంటే కష్టమైంది చెప్పులు. మా ఇంట్లో గడప లోపలికి చెప్పు రాదు. రాజులొచ్చినా రాదు. నేను మెత్తటి రబ్బరు చెప్పులతో వంటింట్లో అడుగుపెట్టిన పొద్దున అమ్మ చేతిలోని చెంబు జారిపోయింది.

"దేవుని గూడుండాది ఈడ! చెప్పులా?"

"చెప్పులు లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే దేవుని ముందర దీపమూ లేదు."

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు లేచేసరికి నా చెప్పులు మంచం కింద లేవు. పారేసిందనుకొని మండిపడుతూ లేచాను. అవి పసుపునీళ్లతో కడిగి, తుడిచి, గోడ గూట్లో నా మాత్రల సీసా పక్కన పెట్టి ఉన్నాయి. అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా అంది:

"చెప్పులైతే వాకిట్లో ఉండల్ల. ఇవి మందు. మందుండే కాడ ఉండాయి."

ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా, నా కాళ్ల వైపు చూసినా, అమ్మే ముందుగా చెప్పేది, "అది మందు ఏసుకోనుండాది" అని.

బాషన్న ఒకరోజు నన్ను చూడ్డానికి వచ్చాడు. చేతిలో సంచి. అందులో గుడ్డ చుట్టిన సోడా సీసా, మంచుగడ్డలా. ఉరవకొండ బస్టాండులో ఐసు పెట్టె ఉన్న సోడా అంగడాయన పంపాడట. "అక్క ఎప్పుడొచ్చినా పెట్టెలో ఒకటి ఉంటాదని చెప్పమన్యాడు. సోడా తాగద్దంట, తొక్కమన్యాడు." అప్పటిదాకా నేను ఎవరి దగ్గరా ఏమీ ఊరికే తీసుకోలేదు. ఆ సీసా తీసుకున్నాను.

నొప్పి ఒక్కసారిగా పోలేదు. నాలుగు రోజులు మంచిగా ఉంటే, ఐదో రోజు మళ్లీ మొదటికి వచ్చేది. ఆ ఐదో రోజే మనిషి విరిగిపోయేది. ఆ రోజు కూడా తువ్వాలు లాగాలి, గోడ నెట్టాలి. చుట్టాలు చింతాకు కట్టు అన్నారు, పసరు మందు అన్నారు, ఇంకెవరో మడమలో సూది అన్నారు. కొందరికి సూది కూడా అవసరం కావచ్చు. ఆ సంగతి డాక్టరు చెప్పాలి, అరుగు మీద కూర్చున్నవాళ్లు కాదు. అందరికీ ఒకే జవాబు చెప్పాను: "తవ్వించుకున్నదాన్ని నేను. నాకు చెప్పద్దు."

ఒక పొద్దున నేను పాలవాడితో తగాదా పడుతూ వాకిట్లో ఉన్నాను. నీళ్లు కలిపాడని గట్టిగా అరుస్తున్నాను. మధ్యలో తట్టింది: మంచం దిగి ఇంతదూరం వచ్చాను, మడమ గుర్తుకే రాలేదు. అరవడం ఆపేశాను. వాడు తన పాలు బాగున్నాయని నేను ఒప్పుకున్నాననుకొని వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ చీటీతో పొడిగించుకున్న సెలవు ముగిసి, పరీక్షకు పిలిచిన రోజు డిపో డాక్టరు నన్ను వేళ్ల మీద నిలబడమన్నాడు, మడమల మీద నడవమన్నాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు. పనికొస్తావు అన్నాడు. "మెత్తటి బూట్లు వేసుకో. మధ్యలో కూర్చో" అని కూడా అన్నాడు.

మెత్తటి బూట్లంటే ఊళ్లో దొరికింది ఆటలాడేవాళ్ల బూట్లే. తెల్లవి, నీలం చారలవి. చీర మీద ఖాకీ కోటు, కింద ఆ బూట్లు. డిపో పెద్దసారు తల అడ్డంగా ఊపాడు.

"ఇదేం వేషమమ్మా? నియమాల్లో లేదు."

"నియమాల్లో మడమ నొప్పి కూడా లేదు సార్. మీ డాక్టరే చెప్పినాడు. ఆయన్ను అడగండి."

"సరే పో. ఏ రూటు కావాల?"

అదివరకు నేను ఎప్పుడూ ఉరవకొండ వైపే అడిగేదాన్ని. దూరం, గతుకులు, ఎండ, అయినా అదే. మా ఊరి మీదుగా పోయే బస్సు వద్దనేదాన్ని. మావాళ్ల కంట పడకుండా మర్యాద కాపాడుతున్నాననుకునేదాన్ని. ఎవరి మర్యాదో ఎప్పుడూ ఆలోచించలేదు.

"రాప్తాడు మీదుగా పోయేది ఇవ్వండి సార్," అన్నాను.

బాషన్నను కూడా అదే బస్సుకు వేయించుకున్నాను. మొదటి రోజు తిరుగు ప్రయాణంలో మా ఊరి దగ్గర బస్సు ఆగింది. ఎక్కిన జనంలో చిన్నాయన ఉన్నాడు. వెనక బస్సు ఆ పూట రద్దయింది. నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. వెనకున్నవాళ్లు తోశారు, లోపలికి వచ్చి పడ్డాడు.

ఊరివాళ్లే సగం బస్సు. అందరి కళ్లూ ముందు నా బూట్ల మీద, తర్వాత ఆయన మీద.

"ఏమక్కా, కబడ్డీకి పోతాండావా?" అన్నాడు ఒకడు వెనక నుంచి.

"అవునప్పా, నువ్వొస్తావా? కాళ్లు ఇరగ్గొడతా."

బస్సంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. నేను వరసగా టికెట్లు కోసుకుంటూ ఆయన దాకా వచ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎవరో అన్నారు, "మీ బిడ్డే గదా చిన్నప్పా, నీకు టికెట్ యాల?" అని.

ఆయన నా వైపు తిరిగాడు. గొంతు పెంచి, అందరికీ వినబడేట్టు, ఇంటి పెద్దరికంతో ఒక మాట అన్నాడు.

"పో, నీ సీట్లో కూర్చో పో. నిలబడద్దని డాక్టరు చెప్పలేదూ? ఊరంతా తెలుసు."

అది కోపమో ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆజ్ఞ మాత్రం ఆజ్ఞే.

"నిలబడాల్సినప్పుడు నిలబడతా, కూర్చోవాల్సినప్పుడు కూర్చుంటా," అన్నాను. "నువ్వు ముందు యాడికో చెప్పు చిన్నాయనా."

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"అనంతపురం. ఒగటి."

పూర్తి ఛార్జీ తీసుకొని టికెట్ కోసి ఇచ్చాను. రైట్ అన్నాను. బాషన్న గేరు మార్చాడు. రాప్తాడు వచ్చేదాకా నిలబడే ఉన్నాను. అక్కడ ఎక్కినవాళ్లకు టికెట్లు ఇవ్వడం అయిపోయాక నా సీట్లో కూర్చున్నాను.